23 నిమిషాల వీడియో: పలాసలో ఒక జీడి పరిశ్రమకు, దానిపై ఉన్న ఇంటికి భద్రత ఏర్పాట్లు ఎంచుకున్న తీరు

2025లో సంక్రాంతి వెళ్లిన వారం, పలాస-కాశీబుగ్గలో జీడి పరిశ్రమ నడుపుతున్న ఒక యజమాని, భద్రత ఏర్పాట్లపై సలహాలిచ్చే నన్ను పిలిపించారు. అంతకు రెండు నెలల ముందు ఒక రాత్రి ఆయన గోదాము నుంచి 11 డబ్బాల జీడిపప్పు పోయింది. డబ్బాకు 10 కిలోల చొప్పున 110 కిలోలు, అదీ పౌనుకు 200 నుంచి 210 పప్పులు తూగే డబ్ల్యూ 210 రకం. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, ఆ రాత్రి కెమెరాలో నిలిచిన దృశ్యాన్ని ఫోనులో చూపించారు. వీడియో మొత్తం 23 నిమిషాలు ఉంది. ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్న ఇద్దరు మనుషులు రేకుల కప్పు మీదికి ఎక్కడం, ఒక రేకును పక్కకు జరపడం, లోపలికి దిగినవాడు డబ్బాలు అందిస్తుంటే పైనున్నవాడు వాటిని గోనెసంచుల్లో వేసుకోవడం అందులో స్పష్టంగానే కనిపిస్తోంది. నడిమధ్యలో ఒక డబ్బా జారి రేకు మీద పడింది. ఇద్దరూ ఉన్నచోటే కదలకుండా నిలబడిపోయారు. నేను లెక్కపెట్టుకున్నాను, దాదాపు అర నిమిషం. ఎవరూ రాలేదు, ఏ దీపమూ వెలగలేదు. మళ్లీ పని మొదలుపెట్టారు.

ఈ కేసు మొత్తం నాకు ఆ అర నిమిషంలోనే అర్థమైంది. పైఅంతస్తులో ఆరుగురు కుటుంబ సభ్యులు నిద్రపోతున్నారు, గేటు దగ్గర కాపలాదారు ఉన్నాడు, కెమెరా తన పని తాను సక్రమంగా చేసింది. అయినా డబ్బా పడిన చప్పుడు ఎవరి చెవికీ చేరలేదు.

యజమాని చేతిలో అప్పటికే ఒక కొటేషన్ ఉంది. 16 కెమెరాలు, రికార్డరు, గోడమీద పెద్ద టీవీ, అన్నీ కలిపి రెండున్నర లక్షలకు కాస్త అటూ ఇటూగా. "ఇవి సరిపోతాయా మాస్టారూ, లేకపోతే ఇంకో నాలుగు పెంచమంటారా?" అని అడిగారు. ఉన్న రెండు కెమెరాల్లో ఒకటి దొంగలను 23 నిమిషాలపాటు చూపించిందనీ, 16 పెడితే అదే దొంగతనాన్ని మరిన్ని కోణాల నుంచి చూడగలమే తప్ప ఒక్క నిమిషం ముందుగా ఎవరూ నిద్రలేవరనీ చెప్పాను. అదే డబ్బును వేరే విధంగా ఖర్చుపెడదామని కోరాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ముందు స్థలమంతా చూసి కాగితం మీద రాసి ఇవ్వమన్నారు.

స్థలంలో కనిపించినవి

సుమారు 40 సెంట్ల ఆవరణ అది. రోడ్డు వైపు రెండంతస్తుల భవనం, కింద ఆఫీసు, ప్యాకింగ్ గది, పాత గోనెసంచులు పడేసిన ఒక స్లాబు గది. పైన ఇల్లు: యజమాని, ఆయన భార్య, తల్లి, కొడుకు, కోడలు, మూడేళ్ల మనవరాలు. వెనుక వైపు రేకుల షెడ్లు మూడు. ఒకదానిలో పిక్కలు, అంటే తొక్కతో ఉన్న జీడిగింజలు, ఉడకబెట్టి కోస్తారు, రెండోదానిలో డ్రయ్యర్లు, పప్పు పొట్టు తీసే హాలు, మూడోదానిలో గ్రేడింగు, దాని చివరే పప్పు గోదాము. పక్క వీధి వైపు షట్టరు ఉన్న పిక్కల గోదాము వేరు. మార్చి నుంచి ఉద్దానం పిక్కలు 80 కిలోల బస్తాలుగా వచ్చి అందులో నిండుతాయి. పనివారు సుమారు 60 మంది, ఎక్కువమంది మహిళలు.

ప్రహరీగోడ ఐదడుగులు. పైన గాజుపెంకులు గుచ్చారు గానీ ఒక గోనెసంచి మడిచి వేస్తే వాటి పని అయిపోతుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం, తూర్పు వైపు పన్నెండడుగుల మేర గోడే లేదు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల గాలులతో పలాస దగ్గరే తీరం దాటినప్పుడు ఒక కొబ్బరిచెట్టు పడి ఆ భాగం కూలిందట. అప్పుడు తాత్కాలికంగా కట్టిన పాతరేకులే ఆరేళ్లు దాటినా అలాగే ఉన్నాయి. దొంగలు వచ్చిన దారి అదేనని రేకుల అడుగున నేల నునుపుదేలిన తీరు చూస్తేనే తెలుస్తోంది. కొత్త పరికరాల గురించి మాట్లాడే ముందు పాత గాయాలు ఎక్కడ మానలేదో చూడాలని ఉత్తరాంధ్రలో పనిచేసే ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మాట ఇది. తుపాను మిగిల్చిన సందులు మన కళ్లకు అలవాటైపోతాయి, కొత్తగా చూసేవాడికి మాత్రం వెంటనే కనబడతాయి.

పప్పు గోదాము తలుపు దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. దానికి వేలాడుతున్న తాళం కప్ప మంచిది, ఖరీదైనది, గట్టి ఉక్కుది. ఆ కప్ప వేసిన గొళ్లెం మాత్రం ముప్పావు అంగుళం స్క్రూలు నాలుగింటి మీద నిలిచి ఉంది. తలుపు మూసి తాళం వేశాక కూడా ఆ నాలుగు స్క్రూల తలలూ బయటికే కనిపిస్తున్నాయి. పరిశ్రమలో పనిచేసే వడ్రంగిని పిలిచి, తాళం ముట్టుకోకుండా తలుపు తీయమన్నాను. స్క్రూడ్రైవరుతో ఒక నిమిషం పది సెకన్లలో గొళ్లెం మొత్తాన్ని తాళంతో సహా ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ఒక స్క్రూను చేత్తోనే తిప్పాడు, అక్కడ ద్వారబంధం చెదపట్టి పిండిలా రాలుతోంది. యజమాని మొహంలో రంగు మారింది. ఆ తాళానికి ఆయన పెట్టిన డబ్బులో పదోవంతు పెట్టి గొళ్లేన్ని తలుపుకు అటూ ఇటూ పట్టీలు వేసి బోల్టులతో బిగించి, నట్లు లోపలి వైపుకు వచ్చేలా చేసి ఉంటే ఆ తాళానికి అర్థం ఉండేది.

కప్పు సంగతి మరీ తేలిక. సిమెంటు రేకులు జె-హుక్కులతో, అంటే జె అక్షరంలా వంగిన కొక్కేలతో, ఇనుప పైపులకు పట్టి ఉంటాయి. నట్లన్నీ పైనే ఉంటాయి. ఆరు నట్లు విప్పితే ఒక రేకు జరుగుతుంది. రేకులు వేసే మనిషినే అడిగితే ఇద్దరుంటే నాలుగు నిమిషాల పని అన్నాడు.

నిమిషాల లెక్క

నేను ప్రతి స్థలంలోనూ వేసే లెక్క ఒకటే. దొంగ పని మొదలుపెట్టినట్టు ఎవరికైనా తెలిసిన క్షణం నుంచి, అతడు సరుకును చేరేదాకా పట్టే సమయం ఎంత? అదే క్షణం నుంచి, అతడిని ఆపగలిగినవారు లేదా అతడు చూసి పారిపోయేంతమంది అక్కడికి చేరేందుకు పట్టే సమయం ఎంత? మొదటిది రెండోదానికన్నా ఎక్కువైతేనే ఏర్పాటు నిలుస్తుంది. గోడలు, తలుపులు, తాళాలు ఇచ్చే ఆలస్యం, సంగతి తెలిసిన తర్వాత జరిగితేనే లెక్కకు వస్తుంది. ఎవరికీ తెలియకముందు దొంగ గంటసేపు శ్రమపడినా అది మనకు ఉపయోగపడని గంటే.

రెండో సంఖ్యను ఊహించకుండా కొలిచాం. ఒక రాత్రి పదకొండుకు, ఇంట్లో అందరికీ ముందే చెప్పి, పెద్ద హారను మోగించాం. కొడుకు నిద్రలేచి బాల్కనీలోకి వచ్చి దీపాలన్నీ వేసేసరికి రెండు నిమిషాలు పట్టింది. పక్క రెండు పరిశ్రమల కాపలాదారులు, ఎదురింటివారు కలిసి ఐదారుగురు గేటు దగ్గర చేరేసరికి ఆరు నిమిషాలైంది. 112కు ఫోను చేయడం మన పద్ధతిలో భాగమే గానీ, ఆ సమయానికి గస్తీ వాహనం ఎక్కడుంటుందో మన చేతిలో లేదు కాబట్టి పోలీసుల రాకను ఈ లెక్కలో కలపలేదు. అంటే మనకు ఆరు నిమిషాలకు తగ్గని ఆలస్యం కావాలి. తప్పులకు చోటిచ్చి నేను పన్నెండు పెట్టుకున్నాను. ఉన్నది తలుపు దగ్గర ఒక నిమిషం, కప్పు దగ్గర నాలుగు. తెలియజేసే ఏర్పాటు అసలే లేదు.

సరుకును కదిలించడం

అన్నిటికన్నా పెద్ద నిర్ణయానికి దాదాపు ఖర్చే కాలేదు. రేకుల గోదామును గట్టిపరచాలంటే కప్పు కింద ఇనుప మెష్ వెల్డింగ్ చేయాలి, గోడలు పెంచాలి, తలుపు మార్చాలి. అంత చేసినా అది ఆవరణ చివర, ఇంటికి దూరంగా, చప్పుడు వినపడని చోట ఉంటుంది. ముందు భవనంలో పాత సంచులు పడేసిన గదికి స్లాబు కప్పు ఉంది, తొమ్మిది అంగుళాల ఇటుక గోడలున్నాయి, ఆఫీసు నడవలోంచి తప్ప మరో దారి లేదు, సరిగ్గా దాని పైన కొడుకు, కోడలు పడుకునే గది ఉంది. నేలమీద చెక్కబల్లలు వేసి డబ్బాలను గోడకు తగలకుండా పేర్చితే సుమారు 400 డబ్బాలు పడతాయి. రోజూ సాయంత్రం గ్రేడింగు ముగిసి సీలు వేసిన డబ్బాలన్నీ లెక్కపెట్టి ఆ గదిలోకి చేర్చాలన్నది నా మొదటి సిఫారసు.

మేస్త్రీకి అది నచ్చలేదు. సీజనులో రోజుకు పాతిక, ముప్పై డబ్బాలు మోయించడమంటే ఇద్దరు మనుషులకు అరగంట పని అదనం. ఆ అభ్యంతరం న్యాయమైనదే. నాలుగు చక్రాల తోపుడుబండి ఒకటి చేయించి, షెడ్డు నుంచి ఆఫీసు గుమ్మం వరకు మెట్టు లేకుండా సిమెంటు వాలు పోయించాక ఆ మాట మళ్లీ రాలేదు.

ఆ గదికి ఉన్న కిటికీని ఇటుకతో మూసి, గాలి ఆడడానికి పైన ఆరంగుళాల ఎత్తున కడ్డీల సందు మాత్రం ఉంచాం. చెక్క తలుపు తీసేసి, యాంగిల్ చట్రానికి రెండు వైపులా రెండు మిల్లీమీటర్ల ఉక్కు రేకు వేసిన తలుపు పెట్టాం. చట్రాన్ని ఆరుచోట్ల హోల్డ్‌ఫాస్టులనే ఇనుప పట్టీలతో గోడలోకి దించి కాంక్రీటు పోశాం. బందులు బయటికి కనబడేలా ఉన్న తలుపులో వాటిని కోసేస్తే తలుపు ఆ వైపు నుంచి ఊడి వస్తుంది. అందుకే బందుల వైపు మూడు లావుపాటి కడ్డీలు తలుపులోంచి చట్రంలోకి దూరేలా వెల్డింగ్ చేయించాం. తలుపులో ఒక లివర్ తాళం, దానికి తోడు కట్టరు నోటికి అందకుండా చుట్టూ ఇనుప పెట్టె కట్టిన తాళం కప్ప ఒకటి.

ఈ తలుపు ఎంతసేపు నిలుస్తుందని యజమాని సూటిగా అడిగారు. గునపం, సుత్తి మాత్రమే ఉంటే పావుగంటకు తగ్గదని నా అంచనా. బ్యాటరీతో నడిచే గ్రైండర్లు ఇప్పుడు ఎవరికైనా దొరుకుతున్నాయి, వాటితో సమయం బాగా తగ్గుతుంది. అయితే అర్ధరాత్రి పడకగది కింద గ్రైండరు మోత మోగితే నిద్రపోయేవారు ఉండరు. వేగంగా తెరవాలంటే చప్పుడు, చప్పుడు లేకుండా తెరవాలంటే ఆలస్యం తప్పకుండా చేయడమే మంచి తలుపు లక్షణం.

చప్పుడు ఎవరికి చేరాలి

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. తలుపుకు అయస్కాంతపు సెన్సరు పెట్టి అలారం పెట్టేశామనుకుంటారు. తలుపు తెరుచుకుంటేనే ఆ సెన్సరు పలుకుతుంది. తలుపు తెరుచుకుందంటే మనం కొనుక్కున్న పావుగంట ఆలస్యమూ అప్పటికే ఖర్చైపోయిందన్నమాట. అందుకే తలుపు చట్రానికి అదురును పసిగట్టే సెన్సరు, ఆ గదికి దారి తీసే నడవలో మనిషి కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సరు పెట్టాం. మొదటి దెబ్బకే, వీలైతే మొదటి అడుగుకే సైరను మోగాలి.

పీఐఆర్ సెన్సర్లు షెడ్లలో కూడా పెట్టమని కొడుకు పట్టుబట్టాడు. నేను వద్దన్నాను. అవి ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ గల తేడాను బట్టి పనిచేస్తాయి. రాత్రి కూడా డ్రయ్యర్ల వేడిగాలి తిరుగుతుండే చోట అవి ఉత్తినే మోగుతాయి, వేసవిలో షెడ్డు లోపలి వేడి ఒంటి వేడికి దగ్గరపడినప్పుడు మనిషి వచ్చినా పలకకపోవచ్చు. మైక్రోవేవ్ తరంగాలు కూడా వాడే రకం పెడితే, అందులోని మైక్రోవేవ్ భాగం పలుచటి గోడల అవతలి కదలికను కూడా పట్టుకుంటుంది. ఉత్తినే మోగే అలారాన్ని మూడో వారానికల్లా ఎవరో ఒకరు ఆపేస్తారు. ఆ తర్వాత అది లేనట్టే. షెడ్లలో విలువైన సరుకు రాత్రిపూట ఉండనప్పుడు అక్కడ సెన్సర్ల అవసరమే లేదు.

సైరన్లు రెండు. ఒకటి వీధి వైపు, మరొకటి పైఅంతస్తు హాలులో. ఇంట్లో రెండు పడకగదుల్లోనూ, కాపలాదారు గదిలోనూ నొక్కితే మోగే బటన్లు పెట్టి తీగలతోనే కలిపాం. ఫోనుకు సందేశం పంపే సదుపాయం ఉంది గానీ దాని మీద ఆధారపడలేదు. తిత్లీ తర్వాత ఇక్కడివారు కరెంటు లేకుండా, ఫోను సిగ్నలు లేకుండా రోజుల తరబడి గడిపారు, ఆ అనుభవం ఉన్నవారికి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. అలారం ప్యానెలుకు సొంత 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఉంది. అది ఒక రాత్రి, ఒక పగలు నిలుస్తుంది. ఆ తర్వాత మిగిలేవి ఉక్కు తలుపు, ఇటుక గోడ, మనుషులు. కాబట్టే డబ్బులో పెద్ద భాగం వాటికి వెళ్లింది.

కాపలాదారుకు అరవై దాటాయి, అందరూ తాత అనే పిలుస్తారు. దొంగతనం రాత్రి ఆయన నిద్రపోయాడని ఆయన మీద కోపం ఉంది. నేను పక్కన కూర్చుని మాట్లాడితే, "రెండు దాటితే కన్ను మూతపడిపోద్ది బాబూ, అబద్దం సెప్పకూడదు" అన్నాడు. సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు వరకు ఒక్కడే ఉంటే ఎవరి కన్నయినా మూతపడుతుంది. పైగా ఆయన గది కిటికీ వీధి వైపు ఉంది, వీపు ఆవరణ వైపు ఉంది, గేటు మీది దీపం సరిగ్గా ఆయన కళ్లలోకి కొడుతోంది. గదిని తిప్పి కట్టించాం, దీపాన్ని గేటు బయటి వైపుకు వంచాం, తూర్పు గోడ వెంట చిన్న దీపాలు మూడు పెట్టాం. రాత్రి ఒంటిగంట నుంచి మరో మనిషిని పెట్టుకోవడానికి యజమాని ఒప్పుకున్నారు. ఏజెన్సీ ద్వారా తీసుకుంటే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం కింద దానికి లైసెన్సు ఉందో లేదో కాగితం చూడమని చెప్పాను. ఎవరు వచ్చినా వారి పని దొంగను పట్టుకోవడం కాదని, బటను నొక్కి దీపాలు వేయడం మాత్రమేనని గోడ మీద రాయించాం.

పొట్టు తీసే హాలు వెనుక తలుపు

స్థలం చూస్తున్న మొదటి రోజే, పని నడుస్తున్న సమయంలో, పొట్టు తీసే హాలు వెనుక తలుపుకు బయటి నుంచి తాళం వేసి ఉండడం చూశాను. లోపల ముప్పై మందికి పైగా మహిళలు ఉన్నారు. పప్పు బయటికి పోకుండా ఆ తాళం వేస్తున్నారట. పక్క షెడ్డులో డ్రయ్యర్లు, వాటి వెనుక జీడి తొక్కల గుట్ట. జీడి తొక్కలో నూనె ఉంటుంది, అది అంటుకుంటే ఎంత వేగంగా మండుతుందో ఈ ఊరిలో ఎవరిని అడిగినా చెబుతారు. ముందు తలుపు వైపు మంటలు లేస్తే ఆ మహిళలకు దారి లేదు.

ఆ తాళం అప్పుడే తీయించకపోతే మిగతా పని చేపట్టనని యజమానికి చెప్పాను. నేను ఈ వృత్తిలో ఎప్పుడూ ఇంత గట్టిగా మాట్లాడలేదు. 2016 నాటి జాతీయ భవన నియమావళి నాలుగో భాగం, బయటికి వెళ్లే తలుపులు లోపలి నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని చెబుతోంది. నియమావళి చెప్పకపోయినా చేయవలసిన పనే అది. సరుకును కాపాడడం కోసం మనుషులను బంధించే ఏర్పాటును భద్రత అని పిలవలేం.

దొంగతనం భయం కూడా నిజమే కాబట్టి దానికి వేరే దారి చూశాం. ఆ తలుపుకు లోపలి వైపు అడ్డంగా ఉండే పుష్ బార్ పెట్టాం. ఎవరు ఒంటితో నెట్టినా తెరుచుకుంటుంది. బయటి వైపు పిడి లేదు. తెరుచుకోగానే అక్కడే ఒక చిన్న సైరను మోగుతుంది. మంటలు లేకుండా ఎవరూ దాన్ని తీయరు, మంటలు వస్తే అందరూ తీయగలరు.

పప్పు చిన్నచిన్న మొత్తాల్లో పోతోందన్న అనుమానానికి తూకమే సరైన మందు. బల్లకు ఇచ్చిన పప్పు ఎంత, తిరిగి వచ్చిన పప్పు, ముక్క, పొట్టు కలిసి ఎంత అన్నది పూట పూటకూ రాస్తే తేడా ఎక్కడ వస్తోందో కాగితమే చెబుతుంది. సాయంత్రం గేటు దగ్గర మగ సూపర్‌వైజరు మహిళల సంచులు వెతికే పద్ధతిని మాన్పించి, హాలు బయటే సంచులు పెట్టుకునే అరలు కట్టించాం. దుస్తులు మార్చుకునే చోట, పసిపిల్లలను పడుకోబెట్టే చోట కెమెరా ఉండకూడదని రాతపూర్వకంగా పెట్టాను. "సంచులు బయటే ఎట్టేస్తే మాకూ నయమే బాబూ, రోజూ దొంగల్ని సూసినట్టు సూడక్కర్లేదు" అని ఒక పెద్దావిడ అంది. ఆ మాట యజమాని కూడా విన్నారు.

కెమెరాలు

16కు బదులు ఆరు పెట్టాం. కెమెరా విషయంలో అడగవలసింది ఎన్ని అన్నది కాదు, ఒక్కో కెమెరా ఏ ప్రశ్నకు జవాబివ్వాలి అన్నది. కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4, 2014 నాటి కూర్పు ప్రకారం, ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తించాలంటే అతను నిలబడే చోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలి. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 చాలు. పాత కొటేషన్‌లో 2 మెగాపిక్సెల్ కెమెరాలను భవనం మూలల్లో పెట్టి ఒక్కొక్కదానితో 24 మీటర్ల వెడల్పు చూపించాలనుకున్నారు. 1920 పిక్సెళ్లను 24తో భాగిస్తే మీటరుకు 80 వస్తాయి. ఎవరో వచ్చారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. ఆ 23 నిమిషాల వీడియో కథ అదే. మేము 4 మెగాపిక్సెల్ కెమెరాను పన్నెండడుగుల గేటుకు ఎదురుగా, మనిషి మొహం ఎత్తుకు కాస్త పైన పెట్టాం. 2560 పిక్సెళ్లు మూడున్నర మీటర్ల పైచిలుకు వెడల్పులో సర్దుకోవడంతో మీటరుకు దాదాపు 700 వస్తున్నాయి. తక్కినవి నడవలో, ఆఫీసు గుమ్మంలో, పిక్కల గోదాము షట్టరు దగ్గర, తూకం బల్ల మీద, ఇంటి మెట్ల మొదట్లో.

2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రత చట్టం ఒకేసారి 100 మంది లేదా రోజుకు 500 మంది వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల దృశ్యాలు దాచాలంటుంది. ఈ పరిశ్రమ ఆ సంఖ్యకు చేరకపోయినా అదే 30 రోజులను కొలతగా తీసుకున్నాం. సెకనుకు 2 మెగాబిట్ల కెమెరా రోజుకు 21.6 జీబీ నింపుతుంది, గేటు కెమెరాకు అంతకు రెట్టింపు. ఆరింటికీ కలిపి రోజుకు 151 జీబీ, నెలకు నాలుగున్నర టీబీ పైచిలుకు. 6 టీబీ డిస్కు పెట్టాం. రికార్డరుతో కలిపి 60 వాట్ల లోపే కాబట్టి, వేరే ఏ ఫ్యానూ తగిలించని ఒక 150 ఏహెచ్ బ్యాటరీ మీద సుమారు పన్నెండు గంటలు నడుస్తాయి. 2025 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ పరీక్ష నెగ్గిన కెమెరాలే అమ్మాలన్న నిబంధన అప్పటికే ప్రకటించి ఉంది కనుక, పాత నిల్వను చవగ్గా ఇస్తామన్న ప్రతిపాదనను పక్కన పెట్టాం.

పై ఇల్లు

ఇంటికి బయటి మెట్లు ఆవరణలోంచే ఉన్నాయి, అవి డాబా వరకు వెళ్తాయి. డాబా తలుపుకు ఒక చిన్న గడియ తప్ప ఏమీ లేదు. మెట్ల మొదట్లో కటకటాల గేటు, డాబా తలుపుకు పైనా కిందా లావుపాటి గడియలు, వీధి తలుపుకు చూసే అద్దం, గొలుసు పెట్టించాం. బాల్కనీ గ్రిల్లులో ఒక భాగం లోపలి నుంచి తెరుచుకునేలా చేసి, దాని తాళంచెవి మనవరాలికి అందని ఎత్తులో, మామ్మగారికి చీకట్లోనూ తెలిసేచోట మేకుకు తగిలించాం. దొంగకోసం బిగించిన గ్రిల్లులోంచి నిప్పు నాడు ఇంటివారు బయటపడగలగాలి.

ఆ ఇంట్లో అన్నిటికన్నా కష్టమైంది కొడుకును ఒప్పించడం. సైరను మోగితే కర్ర పట్టుకుని కిందికి దిగుతానన్నాడు. దిగకూడదని, దీపాలు వేసి, బాల్కనీ నుంచి కేకవేసి, 112కు ఫోను చేసి, తలుపు మూసుకుని ఉండాలని నాలుగుసార్లు చెప్పాను. చివరికి అతని భార్య చెప్పాక విన్నాడు. అందరూ పెళ్లికో తీర్థానికో వెళ్లేటప్పుడు తాళం వేసిన ఇళ్లపై నిఘా ఉంచే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ సేవలో ముందుగా నమోదు చేసుకోవచ్చని కూడా చెప్పాను.

ఖర్చు మొత్తం 2,48,000 రూపాయలు: ఇనుప, తాపీ పనులు 1,02,000, తూర్పు గోడ 40,000, అలారం 28,000, కెమెరాలు, రికార్డరు, బ్యాటరీ 68,000, దీపాలు 10,000. పాత కొటేషన్‌కు దాదాపు సమానం.

జూన్‌లో మళ్లీ చూసినప్పుడు

సీజను ముగిసే వేళ, జూన్ చివర్లో, ఒక రోజంతా అక్కడ గడిపాను. మొదటి వారంలోనే సైరను నాలుగుసార్లు ఉత్తినే మోగిందట. అందులో మూడు, రాత్రి లారీ నుంచి 80 కిలోల బస్తాలు దించుతున్నప్పుడు. అదురు సెన్సరు సున్నితత్వాన్ని తగ్గించి, నడవ వైపు గోడను ఆనుకుని బస్తాలు వేయకుండా గీత గీయించాక అది ఆగింది. మే నెలలో ఒక రాత్రి ఒకటిన్నర దాటాక మళ్లీ మోగింది. పెళ్లి నుంచి ఆలస్యంగా వచ్చిన మేనల్లుడు కోడ్ నొక్కకుండా నడవలోకి వెళ్లాడు. రెండు నిమిషాల లోపే దీపాలు వెలిగాయి, నాలుగో నిమిషానికి పక్క పరిశ్రమల మనుషులు గేటు దగ్గర ఉన్నారు. ఎవరూ కిందికి దిగలేదు. జనవరిలో మేం కొలిచిన ఆరు నిమిషాలకన్నా ఇది నయం.

సరిచేయవలసినవి కూడా కనిపించాయి. గేటు కెమెరా దీపాల చుట్టూ సాలెగూడు కట్టి రాత్రి దృశ్యం పాలిపోయింది. వారానికోసారి తుడిచే పనిని తాతకు అప్పగించాం. పుష్ బార్ తలుపు సైరనులో ఎవరో గుడ్డముక్క కుక్కారు. ఎండాకాలం గాలి కోసం తలుపు తీస్తున్నామని మహిళలు దాచకుండా చెప్పారు. ఆ వేడిలో నేనైనా అదే చేసేవాణ్ని. అక్కడ గోడకు రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించమని రాశాను. తాళంచెవుల పుస్తకంలో ఏప్రిల్ రెండో వారం తర్వాత సంతకాలు లేవు, పప్పు డబ్బాల గది రెండో తాళంచెవి ఆఫీసు క్యాలెండరు వెనుక మేకుకు వేలాడుతోంది. యజమాని దాన్ని తీసుకుని అప్పటికప్పుడే పైకి వెళ్లి మామ్మగారి బీరువాలో పెట్టి వచ్చారు.

పిక్కల గోదాము షట్టరుకు రెండు పక్కలా నేలలోకి దిగే గడియలు పెట్టమని మొదటి నివేదికలోనే రాశాను. మధ్య తాళం ఒక్కటే ఉంటే మూల దగ్గర జాకీ పెట్టి ఎత్తవచ్చు. ఎడమ వైపుది పెట్టారు. కుడి వైపు లారీ చక్రాలకు నేల కాంక్రీటు పగిలిపోయి ఉండడంతో గడియకు పట్టు లేదు. పిక్కలు ఖాళీ అయ్యాక, జులైలో ఆ నేల తవ్వి మళ్లీ పోసి గడియ దించుతామని తాపీమేస్త్రీ ఒప్పుకున్నాడు.